ఆతిథ్యమా, ఆశ చూపడమా?

కఠోపనిషత్తులో నచికేతుడి కథ తెలుగు ఇళ్లకు కొత్త కాదు. అయినా అందులో ఒక ఘట్టాన్ని తొందరగా దాటేసి, మృత్యువు గురించిన సంవాదం దగ్గరికి వెళ్లిపోతుంటాం. కుర్రవాడు యముడి ఇంటికి చేరేసరికి యముడు లేడు. మూడు రాత్రులు తిండి లేకుండా అక్కడే ఉండిపోయాడు. తిరిగొచ్చిన యముడు ముందుగా బోధకు దిగలేదు. ఇంటికొచ్చిన అతిథి పస్తున్నాడని నొచ్చుకుని, ఆ పిల్లవాడికి నమస్కరించి, రాత్రికొకటి చొప్పున మూడు వరాలు కోరుకోమన్నాడు. మూడో వరంగా నచికేతుడు చావు తర్వాత సంగతి చెప్పమన్నాడు. అప్పుడు యముడు ఇవ్వజూపినవి వేరే: నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, విశాలమైన భూమి, రథాలమీద వాద్యాలతో వచ్చే అప్సరసలు. ఏదైనా కోరుకో, ఈ ప్రశ్న ఒక్కటి వదిలెయ్యమన్నాడు. ఒకే ఇంట్లో, ఒకే చేతి మీదుగా జరిగినా ఈ రెండూ ఒకటి కావు. మొదటిది ఆతిథ్యం. వచ్చినవాడు ఏమడుగుతాడో చూడకుండా చెల్లించాల్సిన బాకీ. రెండోది ఆశ చూపడం. అడిగేవాడు అడగడం మానేస్తేనే దక్కేది. గ్రంథాలయాల్లో 13 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం ఎలాంటి కార్యక్రమాలు పెట్టాలన్న చర్చ ఈ తేడా దగ్గర మొదలు కావాలని నా వాదన. పైకి అది నిర్వహణకు సంబంధించిన సంగతిలా కనిపిస్తుంది. ఏం అడగాలో ఇంకా తనకే తెలియని మనిషికి మనం ఏం బాకీ ఉన్నాం అన్నది దాని అడుగున ఉన్న ధర్మ ప్రశ్న.

మన ఊళ్ల గ్రంథాలయాల్లో ఈ వయసు పిల్లలకు ఇవాళ దక్కుతున్నదేమిటి? ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, ముగ్గుల పోటీలు పెడతారు. చివరి రోజు ముఖ్య అతిథి చేతుల మీదుగా బహుమతులు. వాటిని నడిపే గ్రంథాలయాధికారుల శ్రమను నేను తక్కువ చెయ్యను. చాలా శాఖల్లో ఒక్కరే తలుపు తీసి, పత్రికలు సర్ది, పుస్తకాలిచ్చి, మళ్లీ తాళం వేసుకోవాల్సిన పరిస్థితి. కానీ ఆ వారం గడిచాక పదో తరగతి అమ్మాయికి అక్కడ పని ఉండదు. ఇంకోవైపు జిల్లా కేంద్రాల్లో, హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, పోటీ పరీక్షలకు చదువుకునే యువతీయువకులు గంటల తరబడి కుర్చీలు వదలరు. చిన్నపిల్లకు బొమ్మల పుస్తకం ఉంది, ఉద్యోగార్థికి గ్రూప్స్ మెటీరియల్ ఉంది. ఆ రెంటికీ మధ్య ఉన్నవాళ్లను ఎవరూ పిలవలేదు. దేవుడున్నాడా, మా ఇంట్లో జరుగుతున్నది న్యాయమేనా, ఈ కులం నాకెందుకు అంటింది, చచ్చిపోతే ఏమవుతాం అన్న ప్రశ్నలు మొదటిసారి సొంతంగా పుట్టేది సరిగ్గా ఆ వయసులోనే. నచికేతుడు కూడా మొదటి ప్రశ్న యముణ్ణి అడగలేదు. ఒట్టిపోయిన ఆవుల్ని దానం చేస్తున్న తండ్రిని చూసి, నన్నెవరికిస్తావని అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తండ్రికి వచ్చిన కోపం పదిహేనేళ్ల పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసిందే.

ఈ వయసువాళ్లను గ్రంథాలయానికి రప్పించాలి అని మనం అంటున్నామంటే, చరిత్రను తలకిందులుగా చూస్తున్నట్టే. తెలుగు గ్రంథాలయాలను కట్టిందే యువకులు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసినప్పుడు దాని స్థాపకుల్లో కొమర్రాజు లక్ష్మణరావుకు ఇరవై నాలుగేళ్లు. వేటపాలెంలో 1918లో కొందరు హిందూ యువజన సంఘం పేరుతో మొదలుపెట్టిన చిన్న సంస్థే ఇవాళ్టి సారస్వత నికేతనం. అయ్యంకి వెంకటరమణయ్య బెజవాడలో 1914లో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు పూనుకున్నప్పుడు ఆయన పాతికేళ్లు కూడా నిండనివాడు. కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం 1935లో ఇంకా ముప్ఫైలోపే. బహుమతి ఆశ చూపితే వచ్చినవాళ్లు కారు వీళ్లు. ఒక ప్రశ్న వాళ్లను తరిమింది: చదువు ఎవరి సొత్తు? వేదాంతంలో దీన్ని అధికారం అంటారు, ఏ విద్యకు ఎవరు అర్హులన్న విచారణ. ఆ విచారణ మన సమాజంలో పుట్టుక చుట్టూ, ఆడామగా చుట్టూ గట్టిగా కంచె కట్టుకుంది. గ్రంథాలయోద్యమం చేసిన గొప్ప పని ఆ కంచెను వాదించి కూల్చడం కాదు, తలుపు తెరిచి పెట్టి దాన్ని అర్థం లేనిదిగా చెయ్యడం. 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ తన గ్రంథాలయ శాస్త్ర పంచ సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తనదైన పుస్తకం అందాలన్నప్పుడు ఏ పుట్టుకనూ, ఏ వయసునూ మినహాయించలేదు. పుట్టుక కంచె కాగితం మీదైనా పోయింది. వయసు కంచె ఉందన్న స్పృహే మనకు ఇంకా రాలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. అది మన సంప్రదాయం లోపలి నుంచే వస్తుంది గనక దాన్ని తప్పించుకోకూడదు. బ్రహ్మసూత్రాలు జిజ్ఞాసతో మొదలవుతాయి, అంటే తెలుసుకోవాలన్న కోరిక ముందుండాలి. వినాలని లేనివాడికి ఇది చెప్పవద్దని గీత చివరి అధ్యాయంలో కృష్ణుడు అంటాడు. కోరిక లేనిచోట కార్యక్రమం పెట్టి కోరిక పుట్టించగలమా? పుట్టించినా అది అతని కోరికా, మనం అంటించిందా? పోస్టర్లు వేసి, మైకు పెట్టి పిలిస్తే వచ్చినవాణ్ణి జిజ్ఞాసువు అనగలమా? ఈ అభ్యంతరంలో నిజముంది. తెలుసుకోవాలన్న కోరికను ఒకరు ఇంకొకరికి ఇవ్వలేరు. కానీ అందువల్ల చేతులు కట్టుకుని కూర్చోవాలని తేలదు. యోగసూత్రాల నాలుగో పాదంలో పతంజలి ఒక రైతును చూపిస్తాడు. నీళ్లను రైతు చేతులతో మోసుకెళ్లి పొలంలో పొయ్యడు. అడ్డుగా ఉన్న గట్టు తెంపి మడవ తీస్తాడు. పల్లం తెలిసిన నీళ్లు వాటంతటవే పారతాయి. నిమిత్తం దేన్నీ పుట్టించదు, అడ్డు తొలగిస్తుంది, అంతవరకే దాని పని. పదిహేనేళ్ల మనసులో ప్రశ్నలు నిండుగానే ఉన్నాయి, పుట్టించాల్సిన అవసరం లేదు. గ్రంథాలయ కార్యక్రమం నిమిత్తం మాత్రమే అనుకుంటే, రూపొందించేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న మారిపోతుంది. వీళ్లకు ఏం పెడితే వస్తారు అని కాదు, వీళ్లు రాకుండా ఏది అడ్డుపడుతోంది అని.

అడ్డుగట్లు చాలానే ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటిగా చూడాలి. మొదటిది వేళ. ఇంటర్మీడియట్ పిల్లల రోజు తెల్లవారక ముందే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగుస్తుంది. మధ్యలో గ్రంథాలయం తెరిచి ఉండే గంటలు వాళ్ల చేతికి చిక్కవు. హాస్టల్ పిల్లల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. రెండోది అమ్మాయిల రాకపోకలు. చీకటి పడేదాకా వయసు మళ్లిన మగవాళ్లే దినపత్రికలు తిరగేసే గదిలోకి ఒంటరిగా వెళ్లమని ఏ తల్లీ అనదు. అక్కడ సరైన మరుగుదొడ్డి లేకపోతే ఆ అమ్మాయే వెళ్లదు. మంచి కార్యక్రమానికి మొదటి ఖర్చు పుస్తకాల మీద కాక మరుగుదొడ్డి మీద, వీధి దీపం మీద పెట్టాల్సి రావచ్చు, దాన్ని గ్రంథాలయ ధర్మంలో భాగంగానే లెక్కించాలి. మూడోది కంటికి కనపడదు. ఇంగ్లీషు మీడియంలో చదివే చాలామంది తెలుగు పిల్లలు తెలుగు తడుముకుంటూ చదువుతారు, ఇంగ్లీషు పుస్తకమూ సాఫీగా సాగదు. మాట్లాడేటప్పుడు చురుగ్గా ఉండే పిల్లవాడు పేజీ ముందు తెల్లబోతాడు, ఆ సంగతి పదిమందికీ తెలుస్తుందని గ్రంథాలయం వైపే రాడు. వాడికి మహాకావ్యాల గొప్పదనం మీద ఉపన్యాసం పెట్టడం కన్నా క్రూరమైన పని లేదు. ఒకరు చదివి పదిమంది వినే సాయంత్రం పెడితే ఆ సిగ్గు దానంతటదే కరుగుతుంది. హరికథ, బుర్రకథ విన్న జాతికి వినడం కూడా చదువేనని ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నిటికన్నా ఎత్తైన గట్టు ఇంకొకటుంది, తూకం వేసే చూపు. ఇంట్లో మార్కులు, బడిలో ర్యాంకులు, ఫోనులో లైకులు. ఈ వయసు పిల్లలు ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు కొలుస్తూనే ఉంటారు. కొలవని ఒక్క గదిని ఊరు వాళ్లకివ్వగలిగితే అది గ్రంథాలయమే కావాలి. మనం అక్కడ కూడా పోటీలు పెట్టి మొదటి, రెండో, మూడో స్థానాలు ప్రకటిస్తున్నాం.

బహుమతులు లేకపోతే ఎవరొస్తారు, ముందు వస్తే తర్వాత పుస్తకం రుచి తెలుస్తుంది కదా అంటారు. మంచి ఉద్దేశంతో చెప్పే మాటే ఇది. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, ఆ తర్వాత తమంతట తాము గీయడం తగ్గించేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో, అసలు ఇవ్వనివాళ్లలో ఆ తగ్గుదల లేదు. అది బడికి వెళ్లని పసిపిల్లల మీద చేసిన పరీక్ష, దాన్ని ఉన్నదున్నట్టు పదిహేనేళ్లవాళ్లకు అంటగట్టలేం. అయినా ఇష్టంగా చేసే పనికి వెల కడితే ఇష్టం వెలలోకి జారిపోతుందన్న హెచ్చరిక అందులో ఉంది. కఠోపనిషత్తు ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూపించింది. యముడు చూపిన ఆశలకు లొంగి ఉంటే నచికేతుడు ఏనుగులతో ఇంటికి పోయేవాడు, ప్రశ్న అక్కడే ఉండిపోయేది. అలాగని ఏమీ పెట్టవద్దని నేననడం లేదు. టీ, బిస్కెట్లు, ఉప్మా, ఫ్యాను, మంచినీళ్లు, కూర్చోడానికి శుభ్రమైన చోటు, ఇవి ఆశ చూపడం కాదు. ఇంటికొచ్చినవాడికి మనం చెల్లించాల్సినవి. తేడా పట్టుకోవడానికి ఒకే గురుతు చాలు: పిల్ల పుస్తకం ముట్టకపోయినా అది దక్కుతుందా? దక్కితే ఆతిథ్యం. పదిమందిలో ముగ్గురికే దక్కితే అది కాదు.

అతిథిగా చూస్తే మాత్రం సరిపోదు. ఎల్లకాలం అతిథిగా ఉంచడం కూడా దూరం పెట్టడమే. ఛాందోగ్యంలో సత్యకాముడి కథ ఇక్కడ పనికొస్తుంది. గోత్రం తెలియదని ఉన్నమాట చెప్పిన కుర్రవాణ్ణి హారిద్రుమత గౌతముడు శిష్యుడిగా తీసుకున్నాడు, అధికారం పుట్టుకలో లేదని ఆ ఒక్క పనితో తేల్చాడు. దాని తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. గురువు పాఠం మొదలుపెట్టలేదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవుల్ని అప్పగించి తోలుకెళ్లమన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని కుర్రవాడే అన్నాడు. ఏళ్ల తరబడి ఆ మందతో తిరిగాడు. ఎద్దు, అగ్ని, హంస, నీటికోడి ఒక్కో సంగతి చెప్పాయి. చదువు చెప్పే ముందు బాధ్యత అప్పగించిన గురువు ఆయన. పిల్లవాడు తనను నమ్మిన చోటే నేర్చుకుంటాడన్న ఎరుక ఆ కథలో ఉంది. మన కార్యక్రమాల్లో పిల్లలకు అప్పగించేది ఏమిటి? ప్రార్థనా గీతం పాడటం, అతిథులకు పూలగుత్తులివ్వడం, కుర్చీలు వెయ్యడం. 1992లో యునిసెఫ్ కోసం రాసిన పత్రంలో రోజర్ హార్ట్ పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించి, అట్టడుగు మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. పిల్లల్ని అలంకారంగా నిలబెట్టడం అందులో రెండోది. ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలంటుంది. భారతదేశం ఆ ఒడంబడికలో చేరింది కూడా 1992లోనే.

మరి ఆవుల మంద లాంటి పని గ్రంథాలయంలో ఏముంటుంది? మొదట పుస్తకాల ఎంపిక. ఏటా కొనే వాటిలో కొంత భాగాన్ని ఊళ్లోని పదిమంది టీనేజర్ల సంఘానికి వదిలెయ్యాలి. వాళ్లు మాంగా బొమ్మల కథలు కొనమంటారు, క్రికెటర్ల జీవితాలు కొనమంటారు, ఫలానా ప్రేమకథ కొనమంటారు. కొననివ్వాలి. ఎందుకు కొన్నారో తోటివాళ్లకు చెప్పే బాధ్యత కూడా వాళ్లదే కావాలి. రెండోది ఊరి చరిత్ర. బీడీలు చుట్టిన అవ్వలు, మగ్గం మీద కూర్చున్న తాతలు, గల్ఫ్ వెళ్లొచ్చిన పెద్దవాళ్లు చెప్పేది ఫోనులో రికార్డు చేసి, రాసి, పేరు పెట్టి అలమరలో ఉంచడం. పుస్తకం చదవనివాడు కూడా పుస్తకం చెయ్యగలడు, చేశాక చదువుతాడు. మూడోది గోడపత్రిక, దానికి సంపాదకులు వాళ్లే. నాలుగోది ప్రశ్నల సాయంత్రం. పేరు రాయకుండా పెట్టెలో వేసిన ప్రశ్నను తీసి చదువుతారు. పెద్దలు జవాబు చెప్పరు, ఆ ప్రశ్నతో తలపడిన మూడు నాలుగు పుస్తకాలు బల్లమీద పెడతారు. దేవుడి గురించి ప్రశ్న వస్తే ఆస్తికుడిదీ నాస్తికుడిదీ రెండూ పెడతారు. షికాగో పబ్లిక్ లైబ్రరీ 2009లో తన హెరాల్డ్ వాషింగ్టన్ కేంద్రంలో యూమీడియా పేరుతో టీనేజర్లకు పాటలు రికార్డు చేసుకునే, వీడియోలు చేసుకునే చోటు తెరిచింది. ఊరికే కూర్చోడానికి వచ్చినా అక్కడ అడ్డు చెప్పరు. అంత డబ్బు మన శాఖా గ్రంథాలయానికి లేదు. పైన చెప్పిన నాలుగింటిలో ఏ ఒక్కదానికీ అంత డబ్బు అక్కర్లేదు. పెద్దవాళ్లు కొంత పెత్తనం వదులుకుంటే చాలు. అది డబ్బుకన్నా కష్టమని ఒప్పుకుంటాను.

తల్లిదండ్రుల అభ్యంతరానికి తేలిగ్గా జవాబు చెప్పకూడదు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో ఒక పరీక్ష గట్టెక్కితే మూడు తరాల బతుకు మారుతుంది. ప్రవేశ పరీక్ష ముందు గోడపత్రిక ఏమిటని ఆ తండ్రి అడిగితే అది అజ్ఞానం కాదు, అనుభవం. చిక్కడపల్లిలో కుర్చీ కోసం పొద్దున్నే వచ్చి నిలబడే యువకుల్ని చూసి గ్రంథాలయం దారి తప్పిందనేవాళ్లతో నేను ఏకీభవించను. బతుకుతెరువు వెతుక్కునేవాడికి నీడనివ్వడం కూడా గ్రంథాలయ ధర్మమే. అందుకే పరీక్షల గది మూసి ప్రశ్నల గది తెరవమనడం లేదు. వారంలో ఒక్క సాయంత్రం, రెండు గంటలు అడుగుతున్నాను. పరీక్ష ఎంతో అవసరమే కానీ, తప్పినరోజు పిల్లవాడికి అది ఏమీ ఇవ్వదు. ఫలితాలు వచ్చిన వారంలో పత్రికల్లో వచ్చే విషాద వార్తలు మనకు తెలుసు. వాటికి గ్రంథాలయం మందు అని నేననను. తన విలువకు మార్కులతో సంబంధం లేని చోటు ఒక్కటైనా ఆ పిల్లకు ముందే పరిచయమై ఉండాలి అంటాను.

చివరి అభ్యంతరం చాలా పాతది, బలమైనది. ప్లేటో రిపబ్లిక్ ఏడో భాగంలో కుర్రవాళ్ల చేతికి తర్కం ఇవ్వవద్దంటాడు. కుక్కపిల్లలు దొరికినదల్లా పీకినట్టు వాళ్లు ప్రతి నమ్మకాన్నీ పీకి పెడతారనీ, చివరికి దేనిమీదా నమ్మకం లేనివాళ్లవుతారనీ భయపడ్డాడు. ముప్ఫై నిండేదాకా ఆగమన్నాడు. మన పెద్దలు ఏ పుస్తకం పిల్లల చేతికివ్వాలన్న చర్చలో ఈ భయాన్నే వేరే మాటల్లో చెబుతారు. చదివి చెడిపోతారు, ఎదురు తిరుగుతారు, నమ్మకం పోతుంది. ఈ భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. పదమూడేళ్ల పిల్లకీ పద్దెనిమిదేళ్ల పిల్లకీ ఒకే పుస్తకం పెట్టనక్కర్లేదు, గ్రంథాలయాధికారి వివేకానికి అక్కడ చోటుంది. అయితే ప్లేటో కాలంలో సంవాదానికి తలుపు వెయ్యగలిగేవారు. ఇవాళ ఆ తలుపు పిల్ల జేబులోనే ఉంది. ప్రశ్నను మనం ఆపితే ఆగదు, మనకు కనపడని చోటికి పోతుంది. ఒక్కొక్కరికీ ఒంటరిగా, వెంటనే, ఒకే రకం జవాబు దొరికే చోటికి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1967లో తన హక్కుల ప్రకటనలో వయసు కారణంగా పాఠకుణ్ణి నిరాకరించవద్దని చేర్చింది. ఆ దేశంలో అప్పటినుంచీ దానిమీద గొడవలు ఆగలేదు, అందువల్ల అది తప్పని కూడా తేలలేదు. ప్లేటో అదే ఏడో భాగంలో, బలవంతాన నేర్పిన చదువు ఆత్మలో నిలవదనీ, పిల్లల్ని ఆటలా నేర్చుకోనివ్వాలనీ అన్నాడు. నన్నడిగితే ఆయన భయం కన్నా ఈ మాట ఎక్కువ నిలిచింది. గీత చివర కృష్ణుడు కూడా అంతా చెప్పి, దీన్ని పూర్తిగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమని అర్జునుడికే వదిలాడు. రెండు సేనల నడుమ నిలబడి కూడా నిర్ణయం ఎదుటివాడికి వదిలిన గురువును కొలిచే మనం, నాలుగు పుస్తకాల ఎంపిక పిల్లలకు వదలడానికి వెనకాడటం నాకు అర్థం కాదు.

ఏ కార్యక్రమానికైనా లెక్క అడుగుతారు, అడగాలి కూడా. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం 1960లో వచ్చింది. ఇంటిపన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు, రూపాయికి ఎనిమిది పైసలు. కట్టే ఇళ్లల్లో టీనేజర్లున్న ఇళ్లు ఎన్నో. ఆ డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పాల్సిందే. కానీ హాజరు సంఖ్య ఒక్కటే చూపితే వచ్చే ఏడు మళ్లీ బహుమతులే పెట్టాల్సి వస్తుంది, వాటికే జనం ఎక్కువ వస్తారు గనక. ఇంకా కొన్ని గడులు ఆ నివేదికలో ఉండాలి. పిల్లలు అడిగి కొనిపించిన పుస్తకాలు ఎన్ని? వాళ్లు తిరస్కరించినవి ఎన్ని? వచ్చినవాళ్లలో అమ్మాయిలెందరు? ఎవరూ రమ్మనకుండా మళ్లీ వచ్చినవాళ్లెందరు? మొదటి ఏడాది ఈ గడుల్లో చిన్న అంకెలే కనిపిస్తాయి. ప్రశ్నల సాయంత్రానికి ముగ్గురే రావచ్చు, ఒక్కోసారి ఒక్కరే. ఆ ఒక్కరికీ తలుపు తీసి, ఫ్యాను వేసి, టీ ఇచ్చి, పెట్టెలో కాగితం ఉందేమో చూడాలి. అలా కనీసం రెండేళ్లు నడపనివ్వమని జిల్లా గ్రంథాలయ సంస్థలను అడుగుతున్నాను. వచ్చే బడ్జెట్‌లో పుస్తకాల పద్దులో ఒక వాటా పిల్లల సంఘం పేర రాస్తే పని మొదలైనట్టే.